ఓటేసిన కార్డే ఊరు దాటించింది: ఎరిట్రియా ప్రవాసులు, 1998 గాయం

ఎర్ర సముద్రం ఒడ్డున ఎరిట్రియాకున్న అస్సబ్ రేవు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఎర్ర సముద్రం తమ దేశానికి బతుకు సమస్య అని ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ 2023 అక్టోబరులో బాహాటంగా అన్నప్పటి నుంచి ఎరిట్రియాతో టెన్షన్ పెరుగుతూనే ఉంది. 2024 సెప్టెంబరులో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా, ఎరిట్రియా రాజధాని అస్మరాల మధ్య ఇథియోపియా విమానాలు కూడా ఆగిపోయాయి. మన దగ్గర ఈ వార్త ఎప్పుడొచ్చినా రేవులు, సైన్యాల లెక్కే చెప్పుకుంటాం. ఇథియోపియాలో పుట్టి పెరిగిన ఎరిట్రియా కుటుంబాలకు మాత్రం ఇందులో ఇంకో చప్పుడు వినిపిస్తుంది. 1998 జూన్‌లో అర్ధరాత్రి పోలీసులు తలుపు తట్టిన చప్పుడు అది.

ఇటలీ పాలన, ఇథియోపియాతో కలపడం, ముప్పై ఏళ్ల గెరిల్లా యుద్ధం ఇదివరకే ఎన్నోసార్లు రాసుకున్నవే. నేరుగా 1993 ఏప్రిల్‌కు వద్దాం. ఆ నెల 23 నుంచి 25 వరకు ఐక్యరాజ్యసమితి పరిశీలకుల సమక్షంలో రెఫరెండం జరిగింది. ఎరిట్రియా స్వతంత్ర దేశం కావాలా అని అడిగితే 99.8 శాతం మంది కావాలన్నారు. దేశంలో ఉన్నవాళ్లే కాదు, చెల్లాచెదురైన వాళ్లు కూడా ఓటేశారు. సూడాన్‌లో లక్షా 54 వేల మంది, ఇథియోపియాలో 57 వేలకు పైగా, యూరప్, అమెరికా, గల్ఫ్ లాంటి చోట్ల మరో 82 వేలకు పైగా. ఇటలీలోని బొలోన్యా నగరంలో ఏటా కలుసుకుని, జీతంలోంచి చందాలు తీసి ఉద్యమానికి పంపిన జనం వీళ్లు. చాలామంది అస్మరాను చూసి ఇరవై ఏళ్లు దాటింది. కొందరు అసలు చూడనే లేదు. ఆ మూడు రోజులు వాళ్లకు పండగ. బ్యాలెట్ పెట్టె దగ్గర నిలబడితే పుట్టింటి గడప మీద నిలబడ్డట్టే.

ఓటు హక్కు ఎవరికి ఇచ్చారన్నది ఇక్కడ చిన్న విషయంలా కనిపిస్తుంది. తర్వాత జరిగిందంతా దాని మీదే తిరిగింది. 1992లో ఎరిట్రియా తాత్కాలిక ప్రభుత్వం పౌరసత్వ చట్టం తెచ్చింది. 1933 నాటికి ఎరిట్రియాలో ఉన్నవాళ్ల సంతానం, తండ్రి వైపు అయినా తల్లి వైపు అయినా, ఎక్కడ పుట్టినా ఎరిట్రియన్లే. ఆ చట్టం ప్రకారం పౌరులైన వాళ్లకే ఓటు. అంటే ఓటరు కార్డు కావాలంటే ముందు పౌరసత్వ గుర్తింపు తీసుకోవాలి. అడిస్ అబాబాలోని వ్యాపారి, గ్యారేజీ మెకానిక్, స్కూలు టీచరు కూడా అలాగే తీసుకున్నారు. ఓటేసి ఇంటికెళ్లారు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే దుకాణం తెరిచారు.

అప్పట్లో అడిస్ అబాబా కూడా దీన్ని తప్పుగా చూడలేదు. అప్పటి ఇథియోపియా నాయకుడు మెలెస్ జెనావీ ప్రభుత్వమే రెఫరెండానికి ఒప్పుకుంది, తన గడ్డ మీద పోలింగ్ జరగనిచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లపాటు ఓటేసిన ఈ మనుషులకే ఇథియోపియా పాస్‌పోర్టులు ఇస్తూ పోయింది. 1996లో రెండు ప్రభుత్వాలు కూర్చుని, ఇలాంటివాళ్లు ఏదో ఒక దేశాన్ని ఎంచుకోవాల్సి ఉంటుందని రాసుకున్నాయి. పరిస్థితులు కుదిరాక చూద్దామని పక్కన పెట్టేశాయి. ఆ కాగితం అమలు కాలేదు. ఎంచుకోమని ఎవరూ ఎవరినీ అడగలేదు.

1998 మే 6న సరిహద్దులోని బద్మే అనే ఎండిన ఊరి దగ్గర కాల్పులు మొదలయ్యాయి. జూన్ రెండోవారానికి ఇథియోపియా పోలీసులు జాబితాలు పట్టుకుని ఇళ్లకు వచ్చారు. ముందు కుటుంబ పెద్దలు, ఉద్యోగులు, వ్యాపారులు. కొన్ని నెలల తర్వాత వాళ్ల భార్యలు, పిల్లలు, ముసలివాళ్లు. స్టేషన్‌లో రాత్రిళ్లు ఉంచి, ఇల్లు వాకిలి చూసుకోవడానికి ఎవరికో ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ రాయమనేవారు. చాలామందికి దానికీ సమయం దొరకలేదు. వ్యాపార లైసెన్సులు రద్దయ్యాయి, బ్యాంకు ఖాతాలు ఆగిపోయాయి. పాస్‌పోర్టు మీద ‘బహిష్కరించారు, తిరిగి రాకూడదు’ అని ముద్ర పడింది. తర్వాత రోజుల తరబడి బస్సు ప్రయాణం, చివర సరిహద్దు దగ్గర దింపేస్తే కట్టుబట్టలతో నడక. భార్య ఇథియోపియా మనిషైతే ఆమె ఇటు, అతను అటు. రెండేళ్లలో అలా వెళ్లగొట్టిన వాళ్లు సుమారు 75 వేల మంది.

మీరే కదా 1993లో ఓటేసి వేరే దేశం పౌరులయ్యారు అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. వాళ్లు దేశ భద్రతకు ముప్పు అన్నది రెండోది. విదేశీయులు ఉండనిస్తేనే ఉండాలని, కళ్ల రంగు నచ్చలేదని చెప్పినా వెళ్లిపోవాల్సిందేనని ఆ ఏడాది జులైలో మెలెస్ అన్నాడు. చట్టం చదువుకున్నవాడి మాటలా ఉంటుంది అది. ఐదేళ్లు తన పాస్‌పోర్టుతో తిరగనిచ్చిన మనిషిని ఒక్క రాత్రిలో విదేశీయుడని ఎలా అంటారు అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. 1999 ఆగస్టులో, మిగిలిపోయిన వాళ్లలో ఓటేసిన పెద్దలంతా పరదేశులుగా పేర్లు నమోదు చేసుకోవాలని ఆదేశం వచ్చింది. పుట్టిన వీధిలోనే ఆరు నెలల నివాస కార్డు.

ఎరిట్రియా నుంచి కూడా వేలాదిగా ఇథియోపియన్లు వెళ్లిపోయారు, కొందరిని వెళ్లగొట్టారు, కొందరిని క్యాంపుల్లో పెట్టారు. ఆ బాధ చిన్నదేమీ కాదు. కాకపోతే ఓటే నేరమైంది సరిహద్దుకు ఒక్క వైపునే.

ఇక ఇంటికి చేరడం. ఆ 75 వేల మందికి అది ‘తిరిగి రావడం’ అన్న మాట సగమే నిజం. పిల్లల్లో చాలామందికి ఇథియోపియాలో మాట్లాడే అమ్హారిక్ తప్ప అస్మరాలో మాట్లాడే తిగ్రిన్యా రాదు. పాటలు, వంటలు, తిట్లు, స్నేహాలు అన్నీ అడిస్‌వే. అస్మరాలో వీళ్లకు ‘అంచే’ అని పేరు పడింది. అడిస్ అబాబాలో విదేశీ విడిభాగాలు తెచ్చి ట్రక్కులు బిగించే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది, దాని పొట్టిపేరు అది. సరుకు ఎరిట్రియాది, బిగింపు ఇథియోపియాది అని అర్థం. పిలిచేవాళ్లకు సరదా. పిలిపించుకున్న వాళ్లు రెంటికీ చెడ్డ రేవడిలా మిగిలారు. వయసొచ్చిన కుర్రాళ్లకు మరో పరీక్ష కూడా కాచుకుని ఉంది. సైన్యంలో చేర్చుకుని, నిన్నటిదాకా తాము బతికిన దేశం మీదికే పంపారు.

నా దృష్టిలో ఎరిట్రియా ప్రవాసుల కథ ఇక్కడే మలుపు తిరిగింది. రెఫరెండం రోజు కాగితం అంటే గౌరవం. 1998 తర్వాత కాగితం అంటే భయం. యుద్ధం 2000లో ఆగింది. 2004 డిసెంబరు 17న రెండు దేశాల యుద్ధ నష్టాల దావాలు విన్న హేగ్‌లోని క్లెయిమ్స్ కమిషన్ తీర్పు ఇచ్చింది. ఓటుకు పేరు రాయించుకున్న వాళ్లకు ఎరిట్రియా పౌరసత్వం వచ్చిన మాట నిజం, అంతమాత్రాన ఇథియోపియా పౌరసత్వం పోలేదు, వాళ్లది రెండు దేశాల పౌరసత్వం అంది. భద్రతా కారణాలతో ఒక పద్ధతి ప్రకారం పంపిన వాళ్ల విషయంలో ఇథియోపియాను తప్పుపట్టలేదు. విచారణ లేకుండా స్థానిక అధికారులు తోలేసిన వాళ్ల విషయంలో తప్పుపట్టింది. అప్పటికి దేశమే ఏర్పడలేదు కాబట్టి ఓటరు నమోదు పౌరసత్వం కిందికి రాదని ఆ కమిషన్ ముందు వాదించింది ఎవరో తెలుసా? అస్మరా ప్రభుత్వం.

అదే అస్మరా, విదేశాల్లో ఉన్న ప్రతి ఎరిట్రియన్ ఆదాయంలో 2 శాతం పన్ను అడుగుతుంది. మొదట్లో యుద్ధంలో కూలిన దేశాన్ని నిలబెట్టుకోవాలని జనం మనసారా ఇచ్చారు. తర్వాత అది పాస్‌పోర్టుకు, ఆస్తి కాగితాలకు, ఊళ్లో అమ్మానాన్నల పనులకు కట్టాల్సిన రుసుములా మారింది. 1997లో ఆమోదించిన రాజ్యాంగం అమలు కాలేదు. 2001 సెప్టెంబరులో ప్రశ్నించిన నాయకులను జైల్లో వేసి, ప్రైవేటు పత్రికలు మూసేశారు. చట్టంలో 18 నెలలున్న జాతీయ సేవ అంతూపొంతూ లేనిదైంది. దాన్నుంచి పారిపోయిన యువతీ యువకులు ఇప్పుడు ఎంబసీ సేవ కావాలంటే తప్పు ఒప్పుకుంటూ ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. జాతీయ సేవ పూర్తి చేయకపోవడం నేరమని, తగిన శిక్షకు సిద్ధమని అందులో ఉంటుంది. అలాంటి సంతకం కోసం శరణార్థులను బలవంతం చేయకూడదని 2022 అక్టోబరులో జర్మనీ ఫెడరల్ పాలనా న్యాయస్థానం తేల్చింది.

ఇంటికి వెళ్లాలన్న ఆశ 1993లో అంత నిండుగా ఉన్నా వెళ్లినవాళ్లు తక్కువే అన్నది కొంచెం వెనక్కి వెళితే తెలుస్తుంది. సూడాన్‌లోని లక్షల శరణార్థుల్లో 1994-95లో ఐక్యరాజ్యసమితి కార్యక్రమం కింద తిరిగొచ్చింది సుమారు 25 వేల మంది. పునరావాసానికి దాతల నుంచి అడిగినంత డబ్బు రాలేదు. 1994 చివర్లో సూడాన్‌తో సంబంధాలు తెగిపోయాయి. ఓటేసిన లక్షన్నర మంది సంగతి ఆ తర్వాత పెద్దగా ఎవరూ అడగలేదు.

ఈ రెండు తరాల ప్రవాసులు ఇప్పుడు ఒకే గదిలో కూర్చోలేని స్థితికి వచ్చారు. 1991కి ముందు వెళ్లి, రెఫరెండంలో ఓటేసిన తరంలో చాలామందికి ప్రభుత్వం అంటే ఇంకా ఆ ఉద్యమమే. ఆ తర్వాత పారిపోయి వచ్చిన తరానికి అదే ప్రభుత్వం అమ్మానాన్నలకూ తమకూ మధ్య నిలబడ్డ గోడ. 2023లో జర్మనీలోని గీసెన్‌లో, స్టాక్‌హోమ్‌లో, టెల్ అవీవ్‌లో ఎరిట్రియా ప్రభుత్వ అనుకూల ఉత్సవాల దగ్గర వీళ్లే కొట్టుకున్నారు. టెల్ అవీవ్‌లో వందమందికి పైగా గాయపడ్డారు. రౌడీ మూకల గొడవ అని వార్తలు తేల్చేశాయి. ఇల్లు ఎవరిదన్న తగాదా అది.

ఒక్కసారి మాత్రం తలుపు తెరుచుకుంది. 2018 జులైలో అబీ, ఎరిట్రియా అధ్యక్షుడు ఇసాయాస్ అఫ్వెర్కి శాంతి ఒప్పందం చేసుకున్నారు. ఫోన్ లైన్లు కలిసిన రోజు, అవతల ఎవరున్నారో తెలియకుండానే ఏదో ఒక నంబరు తిప్పి మాట్లాడుకున్నారు జనం. 18వ తేదీన ఇరవై ఏళ్ల తర్వాత తొలి విమానం అస్మరాలో దిగింది. 1998లో బస్సులు విడదీసిన కుటుంబాలు ఆ విమానాశ్రయంలో కలిశాయి. తండ్రిని గుర్తుపట్టని పిల్లలు, పిల్లలను గుర్తుపట్టని తండ్రులు. సెప్టెంబరులో తెరిచిన సరిహద్దు దారులు కొన్ని నెలల్లోనే ఒక్కొక్కటిగా మళ్లీ మూతపడ్డాయి. విమానం మాత్రం ఇంకొన్నేళ్లు నడిచింది.

అడిస్ అబాబా నుంచి అస్మరాకు గాల్లో గంట దాటి కొద్ది నిమిషాలే ప్రయాణం. ఇప్పుడు అక్క పెళ్లికో, నాన్న కర్మకో వెళ్లాలంటే దుబాయ్‌కో కైరోకో పోయి, అక్కణ్నుంచి వెనక్కి రావాలి. కౌంటర్ దగ్గర ఏ దేశం పాస్‌పోర్టు చూపించాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని మరీ బయల్దేరాలి.