వంకాయ మీద పడ్డ నింద

మా వదినె ఏడాదిన్నరగా వంకాయ ముట్టట్లేదు. వంకాయ తర్వాత కోడికూర, మామిడిపండు, గోంగూర, ఆవకాయ, ఒక్కొక్కటే ఆమె కంచంలోంచి వెళ్లిపోయాయి. ఆమెకు 47 ఏళ్లు. ఉండేది హనుమకొండలో. రాత్రి రెండింటికి, కూలర్ ఎదురుగా పడుకున్నా సరే, ఛాతీ దగ్గర సెగ మొదలై మెడ మీదుగా ముఖానికి ఎక్కుతుంది, జాకెట్ తడిసిపోతుంది, ఆ వెంటనే చలి పుట్టి లేచి కూర్చుంటుంది. పొద్దున్నే పిల్లల మీద అరుపులు. మధ్యాహ్నం ఎందుకో తెలియని ఏడుపు. "ఒళ్లంత వేడి చేసింది, నాకేమైతాందో నాకే సమజైతలేదు" అంటుంది. మన దగ్గర వేడి చేసిందంటే దొంగ కంచంలోనే ఉండాలి కదా, వంకాయ దొరికిపోయింది.

పాపం వంకాయ ఏమీ చేయలేదు, ఇది చాలావరకు ముట్లుడిగే దశ తెచ్చే గోల. అలాగని తిండికీ మనసుకూ సంబంధం లేదనుకోవద్దు. ఉంది, కాకపోతే మనం వెతికే చోట లేదు. తిన్నది నేరుగా మెదడుకెక్కి మూడ్ మార్చేయడం చాలా తక్కువ, ఎక్కువగా అది నిద్ర మీదుగా, రక్తం మీదుగా చుట్టు తిరిగి పోతుంది.

ముందు హార్మోన్ల సంగతి చూద్దాం. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. అమెరికా లాంటి చోట్ల అది సగటున 51 ఏళ్లకు, మన దేశంలో 46, 47 దగ్గరే. అసలు గోలంతా దానికి ముందు నాలుగైదేళ్లలో ఉంటుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మెల్లగా, మెట్లు దిగినట్టు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా తగ్గితే ఇంత గొడవే ఉండేది కాదేమో. శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువకు నీళ్లు వదిలినట్టు ఉంటుంది ఆ వ్యవహారం, ఒక నెల గట్లు తెగేంత, ఇంకో నెల అడుగు బురద. మెదడులో మనసును కుదురుగా ఉంచే సెరటోనిన్ తయారీకి ఈస్ట్రోజన్ ఊతమిస్తుంది. అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా సరిగ్గా తయారవదు, దాని నుంచి పుట్టే ఒక పదార్థం మెదడును నెమ్మదింపజేసేది, అదీ ఆ నెల లోటే. చిన్న మాటకు చిర్రెత్తడం, గుండె దడ, నిద్ర రాకపోవడం ఇక్కడి నుంచి మొదలవుతాయి.

మరి అందరికీ ఎందుకు ఇలా కాదు? అదే ఇంట్లో పెద్దమ్మకు ఎప్పుడు ఆగిపోయిందో కూడా తెలియలేదు, వదినెకేమో లోకం తలకిందులైంది. 2015లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్ బృందం దీని మీదే ఒక ప్రయోగం చేసింది. ముట్లుడిగిన ఆడవాళ్లను రెండు రకాల వాళ్లను తీసుకున్నారు, ఆ వయసులో డిప్రెషన్ వచ్చి ఈస్ట్రోజన్‌తో తగ్గినవాళ్లు కొందరు, ఎప్పుడూ రానివాళ్లు కొందరు. అందరికీ మూడు వారాలు ఈస్ట్రోజన్ ఇచ్చి, తర్వాత ఎవరికీ తెలియకుండా కొందరికి అది తీసేసి ఉత్తుత్తి మందు పెట్టారు. తీసేసినప్పుడు పాత డిప్రెషన్ ఉన్నవాళ్లకు మళ్లీ దిగులు కమ్ముకుంది, రెండో రకం వాళ్లకు ఏమీ కాలేదు. ఇద్దరి రక్తంలోనూ హార్మోన్ ఒకేలా పడిపోయింది! అంటే ఎంత ఉందన్న దానికంటే, అది కదిలినప్పుడు ఎవరి మెదడు ఎంత అదురుతుందన్నదే తేడా తెస్తోంది. కాన్పు తర్వాత దిగులు పడ్డవాళ్లు, నెలసరికి ముందు బాగా చికాకు పడేవాళ్లు ఈ దశలో కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలనేది ఇందుకే. "అందరికీ వచ్చేదే కదా, నీకొక్కదానికేనా" అనే మాట ఎంత తెలివితక్కువదో కూడా దీంతో తేలిపోతుంది.

ఇక ఆ సెగ, అంటే ఆవిర్లు (హాట్ ఫ్లాషెస్). మెదడులో హైపోథలామస్ అనే చోట ఒంటి వేడిని చూసుకునే ఏర్పాటు ఉంది. మామూలుగా ఒంట్లో వేడి ఒక డిగ్రీలో సగం కంటే కొద్దిగా తక్కువ, దాదాపు 0.4 డిగ్రీలు అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. ఆవిర్లు వచ్చే ఆడవాళ్లలో ఆ వెసులుబాటు దాదాపు సున్నాకు పడిపోయినట్టు కొలిచి చూశారు. దుప్పటి కాస్త మందమైనా, చాయ్ కాస్త వేడిగా ఉన్నా మెదడు కంగారుపడి చెమట పట్టించేస్తుంది. మే నెలలో మన వరంగల్‌లో ఇక చెప్పేదేముంది.

ఇక్కడ మన పెద్దవాళ్ల మాటకు సగం మార్కులు వేయాలి. మిర్చిలో ఉండే కాప్సైసిన్, ఒంట్లో నిజమైన వేడిని గుర్తించే తలుపునే తడుతుంది. 1997లో ఆ తలుపును కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ కూడా ఇచ్చారు. కారం తింటే వేడి అనిపించడం భ్రమేమీ కాదు, కొంతమందికి రాత్రి పూట కారం ఎక్కువైతే ఆవిరి లేస్తుంది. గుత్తివంకాయలో నేరస్తులు ఎవరైనా ఉంటే అది మిర్చే. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాటా రకం మిర్చి రంగుకే గానీ ఘాటు తక్కువ, తేజ రకం సంగతి వేరు. మా వదినె కూర మానింది గానీ ఆ కారప్పొడి డబ్బా మాత్రం మార్చలేదు.

చాయ్ దగ్గర కథ కాస్త తిరకాసుగా ఉంటుంది. 2014లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు వేసిన లెక్కలో కాఫీ, టీ లాంటివి తాగేవాళ్లు ఆవిర్లతో ఎక్కువ ఇబ్బంది పడుతున్నట్టు కనిపించింది, కానీ నెలసరి ఇంకా పూర్తిగా ఆగనివాళ్లలో మూడ్, మతిమరుపు, ఏకాగ్రత సమస్యలు మాత్రం తక్కువగా ఉన్నాయి. కాబట్టి చాయ్ మానమని నేను చెప్పను, చెప్పినా ఈ జిల్లాలో వినేవాళ్లు లేరు. సాయంత్రం నాలుగు దాటాక తాగేది మాత్రం రాత్రి నిద్రలోంచి కోసుకుంటుంది, నిద్ర తెగితే మర్నాడు మనసు తెగుతుంది. కల్లు, మందు కూడా అంతే, పడుకోగానే మత్తుగా నిద్ర పట్టించి నడిరాత్రి లేపేస్తాయి.

అన్నం తిన్న వెంటనే తాగే చాయ్ మీద మాత్రం నాకు నిజంగానే కోపం. తిండిలోంచి ఒంటికి పట్టాల్సిన ఇనుమును సగానికి పైగా అది పట్టనివ్వదు. ఈ వయసులో అండం విడుదల కాని నెలల్లో గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, వచ్చినప్పుడు రక్తం ధారగా పోతుంది. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి ఇప్పటికే రక్తహీనత. ఆయాసం, చికాకు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, గుండె దడ. ఇవి రక్తహీనత లక్షణాలా, ముట్లుడిగే లక్షణాలా, థైరాయిడ్ తక్కువైన లక్షణాలా? మనిషిని చూసి చెప్పలేరు, రక్త పరీక్ష చేయాల్సిందే. మా వదినెను ముగ్గురు నలుగురు బతిమాలి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే వచ్చింది. ఏడాదిన్నరగా ఆమె మానేసిన వాటిలో ఒంటికి ఇనుమిచ్చే కోడికూర ఉందని గుర్తుంది కదా.

ఒక్కపొద్దు సంగతి కూడా చెప్పాలి. వదినె సోమవారం, శనివారం ఉంటుంది. పొద్దున రెండు చాయ్‌లు, అందరికీ వండి పెట్టి మూడింటికి కూర్చుని ఇంత అన్నం, పచ్చిపులుసు. ఒంట్లో షుగర్ ప్రమాదం అంచుకు పడిపోదు గానీ, దిగుతున్నకొద్దీ దాన్ని నిలబెట్టడానికి వచ్చే అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల దడ, చెమట, చిరాకు వస్తాయి. అచ్చం టెన్షన్‌లాగే ఉంటుంది. షుగర్ పడిపోతున్నప్పుడు ఆవిర్లు ఎక్కువైనట్టు కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది కూడా. ఈస్ట్రోజన్ తగ్గాక ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగ్గా వినదు, కాబట్టి పదేళ్ల కింద అరిగిన అన్నం గుట్టే ఇప్పుడు షుగర్‌ను ఎక్కువ ఎగదోస్తుంది. భక్తిని ఎవరూ కాదనరు, కానీ ఆ పొద్దున పూట గుప్పెడు పల్లీలో, గ్లాసు మజ్జిగో, సద్దుల బతుకమ్మకు దంచే నువ్వుల సత్తో తింటే దేవుడు కోప్పడతాడని నేననుకోను.

ఫోన్లో తిరిగే చిట్కాల గురించి క్లుప్తంగా. అరటిపండులో సెరటోనిన్ ఉంది నిజమే, అది రక్తంలోంచి మెదడులోకి దాటలేదు, అదీ నిజమే. అవిసె గింజలను 188 మంది ఆడవాళ్ల మీద పరీక్షిస్తే ఆవిర్ల మీద ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. సోయా ఆవిర్లను కొంత తగ్గిస్తుంది గానీ మూడ్‌కు పనిచేస్తుందన్న సాక్ష్యం బలహీనం. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు ఎకరాలకెకరాలు పండించి మనం తినేది మీల్‌మేకరే అనుకోండి. రాగులు, నువ్వులు తినండి, ముట్లుడిగాక రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్తోంది, కానీ అది ఎముకల కోసం. మొత్తం తిండి తీరు మారిస్తే మాత్రం ఫలితం ఉండొచ్చు. 2017లో ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మంది మీద చేసిన పరీక్షలో 12 వారాలు పప్పులు, కూరగాయలు, చేపలు ఎక్కువగా తిన్నవాళ్లలో 32 శాతం కోలుకున్నారు, కబుర్లతో మాత్రమే తోడున్న వాళ్లలో 8 శాతం. వాళ్లంతా ఈ వయసు ఆడవాళ్లు కాదు, సంఖ్యా చిన్నదే. అయినా పప్పు, ఆకుకూర, చెరువు చేప అంటే మనకు కొత్త తిండేమీ కాదు.

తిండితో అస్సలు తేలని సంగతి ఒకటుంది. గర్భసంచి తీయించుకోవడం మన దగ్గర విపరీతం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో దేశం మొత్తం మీద 3.2 శాతమైతే తెలంగాణలో 7.7. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, నాలుగైదేళ్లలో జరగాల్సింది ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి ఏడుస్తుంటే "ఆపరేషన్ అయినకాడికెళ్లి గిట్లనే ఉంటాంది" అని ఊరుకుంటారు. అలాంటి వాళ్లకు హార్మోన్ మందుల గురించి డాక్టర్‌ను అడగాలి, కాగితాల్లో ఏమేం తీశారో చూసుకోవాలి. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా కంచం వైపు చూడొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, లేదా 14416కు ఫోన్ చేయండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

వదినె ఇనుము మాత్రలు వేసుకుంటోంది, చాయ్‌ను అన్నానికి గంట దూరం జరిపింది. మొన్న ఫోన్ చేసి, వంకాయ రెండుసార్లు తిన్నానని చెప్పింది. ఒక రాత్రి ఆవిరి వచ్చిందట, ఇంకో రాత్రి రాలేదట. "ఇగ ఇప్పుడేమనాలె?" అని అడుగుతోంది.