మనవలకు ఉత్తరం: ఫైలు సైజు బైట్లలోనే దాచండి

విజయనగరం

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన డేటాబేస్ టేబుల్ చూశాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వీడియోలు, కోట ఫోటోలు, అమ్మమ్మ పాటలు అన్నీ ఓపికగా ఎక్కించారు. పెద్ద ఫైలు ముందు రావాలని అడిగితే కోట ఫోటో పైకెక్కి కూర్చుందని, సిరిమాను వీడియో దాని కిందికి పోయిందని ఫిర్యాదు చేశారు కదా. డేటాబేస్ తప్పేమీ లేదు. సైజు గడిలో మీరు ‘900 కేబీ’, ‘2 జీబీ’, ‘12 ఎంబీ’ అని రాశారు. దాని లెక్కలో అవి అంకెలు కావు, అక్షరాలు. మొదటి అక్షరం 9 కాబట్టి 900 కేబీ పైకి, 2 జీబీ దాని తర్వాత, 12 ఎంబీ అడుక్కి. కూడమంటే అసలే కూడలేదు.

అందుకే టేబుల్లో బైట్ల సంఖ్య ఒక్కటే ఉంచండి. వరుస పెట్టడం, కూడటం, వడకట్టడం అన్నీ ఆ సంఖ్య మీదే జరగాలి. ఎంబీ, జీబీ అన్న అలంకారం చివర్లో, సమాచారాన్ని బయటికి తీసే సెలెక్ట్ ఆజ్ఞలో, చూసేవాళ్ల కోసం. గడి రకం మాత్రం బిగ్‌ఇంట్, అంటే పెద్ద పూర్ణాంకాలు పట్టేది, పెట్టండి. మామూలు ఇంట్‌లో 2147483647 దాటి పట్టదు. అంటే సరిగ్గా 2 జీబీ ఉన్న ఫైలుకు ఒక్క బైటు చోటు తక్కువ!

ఇక మార్చడం. ఎంబీ కావాలంటే 1024తో రెండుసార్లు, అంటే 1048576తో భాగించాలి. ఇక్కడ అందరూ జారిపడే మెట్టు ఒకటుంది. 1900000 బైట్లను అలా భాగిస్తే, డేటాబేస్ సాఫ్ట్‌వేర్లైన పోస్ట్‌గ్రెస్‌లోనూ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ 1 అని వస్తుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం తర్వాతి భాగాన్ని అవి నిర్దాక్షిణ్యంగా కోసేస్తాయి. 1048576.0 అని రాస్తే 1.81 దక్కుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ బాధ లేదు.

మరి ఒక కేబీ అంటే వెయ్యి బైట్లా, 1024 బైట్లా? మా ఊళ్లలో ఒకప్పుడు ధాన్యం కొలిచే కుంచం ఊరికో తీరుగా ఉండేది. బేరానికి ముందే ఎవరి కుంచమని అడిగేవారు. ఇదీ అంతే. 734003200 బైట్ల వీడియోను విండోస్ 700 ఎంబీ అంటుంది, మ్యాక్ 734 ఎంబీ అంటుంది. 1024 లెక్కకు మెబిబైట్ లాంటి వేరే పేర్లు 1998లోనే పెట్టారు కానీ, జనం నోటికి ఎక్కలేదు. మీరు ఏదో ఒక లెక్క పట్టుకుని, అదేదో గడి పేరు పక్కన రాసిపెట్టండి.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ సైజ్ ప్రెట్టీ అనే ఫంక్షన్ ఈ పని తానే చేస్తుంది. దానికీ ఒక పట్టుదల ఉంది: ఒక కొలతలో సంఖ్య 10240 చేరేదాకా పై కొలతకు మారదు. ఒకటిన్నర జీబీ ఇస్తే 1536 ఎంబీ అని చూపిస్తుంది. నాకది నచ్చుతుంది, వివరం తక్కువ పోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇదే పనికి ఫార్మాట్ బైట్స్ ఉంది, 8.0.16 వెర్షన్ నుంచి. ఎస్‌క్యూఎల్ సర్వర్ తన సొంత ఫైళ్ల సైజును బైట్లలో కాక 8 కేబీ పేజీల్లో చెబుతుంది. అక్కడ 89600 కనిపిస్తే 8తో గుణించి 1024తో భాగించండి, 700 ఎంబీ.

ఇప్పటికే ఎక్కించిన వాటి సంగతి. ‘1.5 జీబీ’ లాంటి రాతను పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ సైజ్ బైట్స్ ఫంక్షన్ తిరిగి 1610612736గా మారుస్తుంది. అయితే మీరు రాసేటప్పుడే వదిలేసిన చిల్లర బైట్లు అందులో తిరిగి రావు. ఫైళ్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, పాత గడిని మార్చే కంటే వాటి నుంచే మళ్లీ బైట్లు చదివి నింపండి. అమ్మమ్మ పాటలతో మొదలుపెట్టండి, అవి తక్కువే.

ఇట్లు,
తాతయ్య