స్కా-పంక్ బ్యాండు ఎందుకు తొందరగా ఆగిపోతుంది: అపోహలు - వాస్తవాలు

స్కా అంటే జమైకా నృత్య సంగీతం, దానికి పంక్ రాక్ వేగం కలిస్తే స్కా-పంక్. హైదరాబాద్‌లో స్కా-పంక్ బ్యాండు పెట్టడం ఒక ఎత్తు, రెండేళ్లు నడపడం ఇంకో ఎత్తు. మామూలు రాక్ బ్యాండుకు నలుగురు చాలు. ఇక్కడ ట్రంపెట్, సాక్సోఫోన్, ట్రాంబోన్ లాంటి బూరలు చేరేసరికి ఏడెనిమిది మంది అవుతారు. ఆగిపోగానే అందరూ ఇగోల మీదకు తోసేస్తారు గానీ, మూలం చాలాసార్లు శ్రుతిలోనో, డబ్బు లెక్కలోనో, పెళ్లి ముహూర్తాల్లోనో ఉంటుంది.

అపోహ: బూరలు లేనిదే స్కా-పంక్ కాదు.

వాస్తవం: ఈ శైలికి దారి వేసిన కాలిఫోర్నియా బ్యాండు ఆపరేషన్ ఐవీలో ఉన్నది నలుగురే: గాయకుడు, గిటార్, బేస్, డ్రమ్స్. 1987లో మొదలైంది, 1989లో ఆగిపోయింది. మిగిల్చింది ఒకే ఒక్క పూర్తి ఆల్బమ్. జమైకాలో 1960ల నాటి స్కాకు బూరలే ప్రాణమన్న మాట నిజమే. పంక్ కలిశాక అవి లేకపోయినా పాట నిలబడుతుంది. కొత్తవాళ్లు నలుగురితో మొదలుపెట్టి, పది పాటలు గట్టిపడ్డాక ఒక ట్రంపెట్‌ను కలుపుకోవడం మేలు.

అపోహ: రెగేను వేగంగా వాయిస్తే స్కా.

వాస్తవం: వరస తిరగబడింది. 1950ల చివర్లో స్కా పుట్టింది, 1966 ప్రాంతంలో నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఆ తర్వాతే రెగే.

అపోహ: ఆఫ్‌బీట్ మీద, అంటే బీట్‌కూ బీట్‌కూ మధ్యలో, గిటార్ కొడితే స్కా వచ్చేసినట్టే.

వాస్తవం: ఒక్కో బీట్‌ను ‘తకదిమి’గా లెక్కపెట్టండి. గిటార్ దెబ్బ ‘ది’ మీద పడాలి. తీన్మార్ చేతికి అలవాటైన డ్రమ్మర్ తెలియకుండానే ‘తకిట’లోకి జారతాడు. అప్పుడు గిటార్ కూడా ‘ట’ దగ్గరికి, అంటే కాస్త ఆలస్యంగా వెళ్తుంది. పాత జమైకా స్కాలో ఆ ఊపు బాగుంటుంది. నిమిషానికి 180 బీట్ల పంక్‌లో అదే ఊపు కుంటుతున్నట్టు వినిపిస్తుంది. ముందు 100 దగ్గర మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ వేగం చూపే పరికరం) పెట్టి, గిటార్, హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) రెండే వాయించండి. అవి అతుక్కున్నాక ఐదైదు చొప్పున పెంచండి.

కుడిచేయి కిందినుంచి పైకి, సన్నని మూడు నాలుగు తీగల మీదే. దెబ్బ పడగానే ఎడమచేతి వేళ్లు తీగను వదలకుండా కాస్త సడలించాలి. శబ్దం తెగేది అక్కడే. ఓపెన్ కార్డుల్లో వేలు కింద లేని తీగలు మోగుతూనే ఉంటాయి కాబట్టి ఆ తెంపు రాదు. ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టే బార్ కార్డులు వాడమనేది అందుకే. కోరస్‌లో డిస్టార్షన్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చేది) తొక్కితే ఒక్కసారిగా శబ్దం ఎగిరి గాయకుడు మునిగిపోతాడు. క్లీన్, డిస్టార్షన్ రెండింటి లెవెల్‌నూ ముందే సమం చేసుకోవాలి.

అపోహ: గిటార్‌కు సులువైన శ్రుతిలో పాట కడితే బూరలు సర్దుకుంటాయి.

వాస్తవం: ఎక్కువ గొడవలు మొదలయ్యేది ఇక్కడే. గిటారిస్టు అలవాటుగా ఈ మేజర్‌లో కడతాడు. ట్రంపెట్ బి ఫ్లాట్ వాద్యం, అంటే దాని మీద సి ఊదితే వినిపించేది బి ఫ్లాట్. కాబట్టి ట్రంపెట్ వాయించేవాడు ఎఫ్ షార్ప్‌లో, అంటే ఆరు షార్పులతో వాయించాలి. ఆల్టో సాక్స్‌కు అది సి షార్ప్ అవుతుంది, ఏడు షార్పులు. 180 వేగంలో వేళ్లు తడబడకుండా ఎలా ఉంటాయి? అదే పాటను బి ఫ్లాట్‌లోకి మార్చండి: ట్రంపెట్‌కు సి, ఆల్టోకు జి, ట్రాంబోన్‌కు స్లైడ్ మూసిన చోటే మొదటి స్వరం. గిటార్ ఎలాగూ బార్ కార్డులే పట్టాలి కనుక అతనికి పోయేదేమీ లేదు. గాయకుడి గొంతుకు ఎక్కకపోతే ఎఫ్ చూడండి.

అపోహ: పెళ్లి బ్యాండు వాళ్లను పిలిస్తే బూరల సమస్య తీరిపోతుంది.

వాస్తవం: ఊపిరి, చెవి, ఓర్పు వాళ్లకున్నంత మనలో చాలామందికి ఉండవు. చాలామంది వినే నేర్చుకుంటారు. స్టాఫ్ నొటేషన్ ప్రింట్ ఇచ్చి ఊరుకుంటే పని జరగదు. బూర లైను మాత్రమే నెమ్మదిగా వాయించి వాట్సాప్‌లో ఆడియో పంపండి. మాఘం, ఫాల్గుణం, శ్రావణం వస్తే వాళ్లు దొరకరు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు కదా అని ఆదివారాలు ప్రదర్శనలు పెట్టుకుంటారు, తీరా చూస్తే ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజా బోనాలు ఆదివారాలే! ఆషాఢం పనిరోజుల సాయంత్రాలు రిహార్సల్‌కు బంగారం. ప్రాక్టీసుకూ డబ్బివ్వాలి. వాళ్లకది ఆ రోజు సంపాదన.

అపోహ: రిహార్సల్‌లో శ్రుతి కుదిరితే వేదిక మీదా కుదురుతుంది.

వాస్తవం: మే నెలలో ఏసీ లేని గదిలో ఇత్తడి వాద్యం శ్రుతి పైకి పోతుంది, గిటార్ తీగలు వేడికి వదులై కిందికి పోతాయి. ఏసీ పబ్‌లో నాలుగు పాటలు ఖాళీగా కూర్చున్న ట్రంపెట్ చల్లబడి కిందికి దిగుతుంది. మళ్లీ అందుకునే ముందు అరనిమిషం శబ్దం రాకుండా వెచ్చని గాలి ఊదాలి, తర్వాత ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేసే జారుడు గొట్టం) సరిచూసుకోవాలి.

పెదవులూ అలసిపోతాయి. 45 నిమిషాల సెట్‌లో ప్రతి చరణానికీ ఊదితే చివరి మూడు పాటల్లో పైస్వరాలు పగులుతాయి. బూరలను మొదట్లో, కోరస్ తోకలో పెట్టి చరణాల్లో విశ్రాంతినివ్వండి.

ముందే అడగాల్సింది మిక్సర్‌లో ఎన్ని ఛానెళ్లున్నాయని. డ్రమ్స్‌కు నాలుగు, బేస్‌కు ఒకటి, గిటార్‌కు ఒకటి, గొంతుకు ఒకటి, బూరలకు మూడు, వెరసి పది. చిన్న చోట్ల ఎనిమిదే ఉంటే బూరలు ముగ్గురూ ఒక మైకు చుట్టూ నిలబడాలి. ట్రాంబోన్‌కు ముందు రెండడుగుల ఖాళీ లేకపోతే స్లైడ్ పక్కవాడి వీపుకు తగులుతుంది. నవ్వొస్తుంది గానీ, స్లైడ్ ఒక్కసారి వంగితే బాగుచేయించడం ఖరీదు.

అపోహ: విడిపోవడానికి కారణం ఇగోలు.

వాస్తవం: పదహారు వేలకు ఒప్పుకున్నారనుకోండి. ఎనిమిది మందికి తలా రెండు వేలు. జామ్ రూమ్ (ప్రాక్టీసు గది) అద్దె, క్యాబ్, తీగలు, వాల్వ్ ఆయిల్ పోతే చేతికొచ్చేది టీ ఖర్చే. ఒకరు సైనిక్‌పురి, ఒకరు దిల్‌సుఖ్‌నగర్, ఒకరు మియాపూర్ అయితే రెండు గంటల ప్రాక్టీసుకు మూడు గంటల ప్రయాణం. జామ్ రూమ్‌ను రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట చుట్టుపక్కల చూసుకుంటే సగం తగాదాలు తగ్గుతాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌తో బెంగళూరు వెళ్లిపోయే బేసిస్టును మాత్రం ఏ మెట్రో ఆపలేదు.

అందుకే ఆరు పాటలు కుదరగానే రికార్డు చేయండి. మెట్రోనోమ్ క్లిక్ మీద డ్రమ్స్, బేస్, గిటార్ మొదటి రోజు. బూరలు వేరే రోజు, మూడు గంటలకు మించకుండా, కష్టమైన పాట ముందు. పాటలు ఎవరివి, పేరు ఎవరిది అన్నది ఒక కాగితం మీద రాసి అదే రోజు అందరూ సంతకం పెట్టండి. ట్రంపెట్ వాయించే అతని పేరు కూడా అందులో ఉండాలి.