కణితికి ఊపిరి ఆడుతోందా? హైపాక్సియా (ఆక్సిజన్ కొరత) పెట్ స్కాన్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది కాబట్టి కణితిలో ఆక్సిజన్ తగ్గే ప్రశ్నే లేదు.

వాస్తవం: న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే కణితి) ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. ఆక్సీమీటర్ చెప్పేది ధమనుల్లో పారే రక్తం సంగతి. ఆ రక్తనాళం దాటాక కణజాలంలో ఆక్సిజన్ వెళ్లగలిగే దూరం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు. దానికి అవతలి కణాలు అరకొర ఆక్సిజన్‌తోనే బతుకుతాయి. వాటిని రేడియేషన్‌తో చంపడం కష్టం. ఆక్సిజన్ బొత్తిగా లేకపోతే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. ఈ ట్యూమర్లకు చికిత్సగా ఎక్కించే రేడియోధార్మిక మందులోని లుటీషియం-177 బీటా కిరణాలకూ ఆక్సిజన్ సాయం అవసరమే. అందుకే ఈ విషయం నాకు అంత ముఖ్యం.

అపోహ: ఎఫ్‌డీజీ (గ్లూకోజ్ లాంటి ట్రేసర్, అంటే స్కాన్‌లో వెలిగే రేడియోధార్మిక మందు) పెట్‌లో బాగా వెలిగిందంటే అక్కడ ఆక్సిజన్ లేనట్టే.

వాస్తవం: ఎఫ్‌డీజీ చూపేది గ్లూకోజ్ వాడకాన్ని. గాలియం డోటాటేట్ అనే మరో ట్రేసర్ చూపేది ఈ ట్యూమర్ కణాలపై ఎక్కువగా ఉండే సొమాటోస్టాటిన్ (ఒక హార్మోన్) రిసెప్టర్లను. ఆక్సిజన్ కొరత తెలియాలంటే ఎఫ్‌మిసో లాంటి వేరే ట్రేసర్ ఎక్కించాలి. అది పనిచేసే తీరు నాకిప్పటికీ అబ్బురమే. ఏ కణంలోకైనా దూరుతుంది. లోపలి ఎంజైములు దానికో ఎలక్ట్రాన్ అందిస్తాయి. ఆక్సిజన్ ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది, ట్రేసర్ వచ్చిన దారినే బయటపడుతుంది. ఆక్సిజన్ లేకపోతే అది ఇంకా మారిపోయి, కణంలోని ప్రోటీన్లకు అతుక్కుపోతుంది. చచ్చిన కణంలో ఈ తతంగం జరగదు కాబట్టి అది వెలగదు. అతుక్కోని మందు రక్తంలోంచి పోవడానికి 2 నుంచి 4 గంటలు ఆగుతాం. ఎఫ్‌మిసోలో వెలిగే ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే కనుక, ఈలోపు సిగ్నల్ బాగా తగ్గిపోతుంది.

అపోహ: స్కాన్‌లో ఏమీ వెలగలేదంటే కొరత లేదు.

వాస్తవం: అలా అనలేం. పెట్ విడిగా చూపగలిగేది 4, 5 మిల్లీమీటర్ల మేర. చిన్నచిన్న చోట్ల ఉన్న కొరత చుట్టుపక్కల సిగ్నల్‌లో కలిసిపోతుంది. కాలేయం దగ్గర ఇంకా ఇబ్బంది. ఈ ట్యూమర్లు ఎక్కువగా పాకేది అక్కడికే, ఎఫ్‌మిసో బయటికి పోయే దారుల్లోనూ కాలేయం ఒకటి. అంతా వెలుగుతుంటే మచ్చను ఎలా విడదీస్తాం? అలాంటప్పుడు రిపోర్టులో 'లేదు' అని రాయను, 'తేల్చలేం' అని రాస్తాను.

అపోహ: బయాప్సీలో హెచ్‌ఐఎఫ్ (మామూలుగా ఆక్సిజన్ తగ్గినప్పుడు కణంలో పేరుకునే) ప్రోటీన్ కనిపిస్తే ఆక్సిజన్ లేదనే అర్థం.

వాస్తవం: హెచ్‌ఐఎఫ్‌ను విచ్ఛిన్నం చేయించే వీహెచ్‌ఎల్ జన్యువు దెబ్బతింటే, ఆక్సిజన్ సరిపడా ఉన్నా హెచ్‌ఐఎఫ్ విచ్ఛిన్నం కాకుండా పేరుకుంటుంది. దీన్నే సూడోహైపాక్సియా అంటాం. అప్పుడు బయాప్సీ ఒకటి, స్కాన్ ఒకటి చెప్పినా రెండూ నిజమే.

అపోహ: ఈ స్కాన్ అందరూ చేయించుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఈ ట్యూమర్లలో ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. మీ ఫైలులో ఈ స్కాన్ లేదని టెన్షన్ పడకండి. డోటాటేట్ స్కాన్, కి-67 శాతం (కణితి కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చెప్పేది), అవసరమైతే ఎఫ్‌డీజీ ఉన్నాయో లేదో చూసుకోండి.