మావాడిలో ఇంకో మనిషి ఉన్నాడా డాక్టర్ గారూ? (సైకలాజికల్ థ్రిల్లర్లు: అపోహలు - వాస్తవాలు)

కొత్త సైకలాజికల్ థ్రిల్లర్ ఏదైనా రిలీజైందంటే చాలు, ఆ తర్వాతి వారం గుంటూరులో మా సైకియాట్రీ ఓపీలో ఈ ప్రశ్న ఖాయం. అడిగేది ఎక్కువగా అమ్మలే. కొడుకును బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపలికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. విడివిడిగా ఎంతమందికి చెప్పినా ఈ భయం తీరడం లేదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటే లోపల ఇద్దరున్నట్టు. ఆ రెండోవాడు ఏదో ఒక రోజు కత్తి పట్టుకుంటాడు.

వాస్తవం: ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో మనిషి ఒక్కడే. ఎదురుగా ఎవరూ లేకపోయినా అతనికి మాటలు వినిపిస్తాయి. తనమీద ఎవరో కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్ముతాడు. సినిమాల్లో చూపించే స్ప్లిట్ పర్సనాలిటీ వేరే జబ్బు. మా పుస్తకాల్లో దాన్ని డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు. అది చాలా అరుదు. చిన్నతనంలో తీవ్రమైన హింస అనుభవించినవాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. చంద్రముఖి, అపరిచితుడు రెండూ 2005లోనే వచ్చాయి. ఇన్నేళ్లయినా "ఇది చంద్రముఖి టైపా, అపరిచితుడు టైపా?" అని అడిగేవాళ్లు తగ్గలేదు. అడిగినందుకు నాకు కోపం లేదు. వాళ్లకు ఈ జబ్బు గురించి చెప్పింది సినిమా ఒక్కటే మరి.

ఈ అపోహకు జనం ఎంత మూల్యం చెల్లిస్తున్నారో ఒక ఉదాహరణ చెబుతాను. ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. తెనాలి వైపు కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. టీవీలో వార్తలు చదివే ఆవిడ తన గురించే చెబుతోందని అనుమానం మొదలైంది. హాస్టల్ అన్నంలో ఏదో కలుపుతున్నారని తిండి మానేశాడు. ఇంటికి తీసుకొస్తే, తన మాటలు ఎవరో వింటున్నారని సెల్‌ఫోన్‌ను తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవాడు. ఇంట్లోవాళ్లకు అది జబ్బుగా కనిపించలేదు, సినిమాలో చూసిన రెండోవాడే కనిపించాడు. వాడి గదికి రాత్రిపూట బయట గడి పెట్టారు. తల్లి కత్తిపీట తీసి అటక మీద పడేసింది. తాయెత్తులు కట్టించారు, భూతవైద్యుడికి డబ్బులు పోశారు. నెలలు గడిచిపోయాయి. చివరికి మా దగ్గరికి తెచ్చేసరికి బక్కచిక్కి ఉన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మా అమ్మ కత్తిపీట ఎందుకు దాచేసింది సార్? నేనేం చేశాను?"

వాడిని చూసి ఇల్లంతా భయపడుతుంటే, అందరికన్నా ఎక్కువ భయపడుతున్నది వాడే.

ఈ జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. వాళ్లు కొట్టడం కన్నా వాళ్లు దెబ్బలు తినడమే ఎక్కువ. తాగుడు, గంజాయి తోడైనప్పుడు, వైద్యం అందనప్పుడు గొడవ పడే అవకాశం పెరుగుతుంది. అదీ జాగ్రత్తగా చూసుకోవాల్సిందే. కానీ కుటుంబం అన్నిటికన్నా ముందు కనిపెట్టి ఉండాల్సింది వేరే ఉంది. అది ఆత్మహత్య ఆలోచన. వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. టీనేజీ చివర, ఇరవైల్లో పిల్లాడు హఠాత్తుగా స్నేహితుల్ని వదిలేసి, నిద్ర మానేసి, అందరినీ అనుమానిస్తున్నాడంటే నెలల తరబడి చూస్తూ కూర్చోకండి.

నాకు సినిమాలంటే ప్రాణం, హారర్ అయితే మరీనూ. అందుకే ఇంత బాధ. ఇలాంటి చాలా సినిమాల్లో ఫస్టాఫ్ నిజంగా బాగుంటుంది. హీరోయిన్‌కు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. భర్త నమ్మడు. నిజంగా విన్నానా, అనుకున్నానా అని ఆమెకే అనుమానం. నా పేషెంట్లు చెప్పేది అచ్చం ఇదే! సొంత మెదడును నమ్మాలో వద్దో తేలకపోవడం కన్నా పెద్ద హారర్ ఏముంటుంది? అంతదూరం తీసుకొచ్చి, చివరి ఇరవై నిమిషాల్లో ఒక ఫ్లాష్‌బ్యాక్, తెల్లకోటు డాక్టర్‌తో ఒక లెక్చర్, వానలో కత్తి. రాత్రంతా పొయ్యి మీద కాచిన ఉలవచారులో దించేముందు పంచదార పోసినట్టు ఉంటుంది.

విజయవాడ నుంచి ఒక కుర్ర దర్శకుడు స్క్రిప్టు తెచ్చాడు. "సార్, హంతకురాలికి ఏ జబ్బు పెడితే బాగుంటుంది?" అన్నాడు. అందులో ఒక సీను ఉంది. అక్కకు మాటలు వినిపిస్తుంటాయి. పక్కగదిలో తమ్ముడు చదువుకుంటుంటాడు. వాడికి తెలియకూడదని, మాటలు మొదలైనప్పుడల్లా వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేస్తుంది. జార్‌లో ఏమీ ఉండదు, ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఆ గొంతులు వినిపించకుండా పాటలు గట్టిగా పెట్టుకునేవాళ్లను, తమలో తామే గొణుక్కునేవాళ్లను నేను రోజూ చూస్తాను. సెకండాఫ్‌లో ఆ పిల్ల చేతే వరసగా ముగ్గుర్ని చంపించాడు. ఎందుకయ్యా అంటే, ట్విస్ట్ లేకపోతే నిర్మాత ఒప్పుకోడట. ఆ మిక్సీ సీనుతోనే సినిమా అంతా నడపొచ్చు బాబూ అని చెప్పి పంపాను.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను.

షాక్ ట్రీట్‌మెంట్ చిత్రహింస కాదు. మత్తు డాక్టర్ పక్కనుండి, నిద్రపుచ్చి, కండరాలు వదులయ్యే మందు ఇచ్చాకే చేస్తారు. మత్తు లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కొంతమందికి కొన్నాళ్లు మతిమరుపు ఉంటుంది, నిజమే. తీవ్రమైన డిప్రెషన్‌లో మాత్రం ఈ ట్రీట్‌మెంట్ ప్రాణం నిలబెడుతుంది.

మందులు అలవాటైపోతాయన్నది పుకారు. స్కిజోఫ్రీనియాకు వాడే మందులు వ్యసనం కావు. బరువు పెరగొచ్చు, మగతగా ఉండొచ్చు. అలా అయితే మాకు చెప్పండి, మారుస్తాం. మీ అంతట మీరే ఆపకండి.

పాత జ్ఞాపకం ఒకటి గుర్తు చేసి, గట్టిగా అరిపిస్తే జబ్బు పోవడం క్లైమాక్స్‌లోనే జరుగుతుంది.

గొలుసులతో కట్టేయడం నేరం. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే చోట మంటలు చెలరేగితే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. గుడికి వెళ్లండి, దర్గాకు వెళ్లండి, మందు బిళ్ల మాత్రం మానొద్దు.

ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడతారు. ఇంకో సంగతి. పెళ్లికి వెళ్దామనో, కాలేజీ పని ఉందనో చెప్పి మోసం చేసి ఆసుపత్రికి తీసుకురాకండి. అందరూ కుట్ర చేస్తున్నారని నమ్మేవాడికి అదే పెద్ద సాక్ష్యమవుతుంది. "నీకు నిద్ర పట్టడం లేదు కదా, డాక్టర్‌కి చూపించుకుందాం, నేనూ తోడు వస్తాను" అనండి. చాలామంది వస్తారు.