ప్లాస్మా అంచు ఎక్కడ?

టోకమాక్ అంటే ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు ఊడిపోయిన అతివేడి వాయువును, అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం. దాని లోపల తీసిన ఫొటో మొదటిసారి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పది కోట్ల డిగ్రీల నడిమి భాగం ఖాళీగా, వెనకున్న గోడ కనబడేంత పారదర్శకంగా ఉంటుంది. వెలుగంతా అంచునే! అంత వేడిలో హైడ్రోజన్ పరమాణువులకు ఎలక్ట్రాన్లు మిగలవు, అక్కడి కాంతిలో ఎక్కువ భాగం కంటికి ఆనని ఎక్స్ కిరణాలే. గోడ దగ్గర, కాస్త చల్లగా ఉన్నచోట మాత్రం ఎలక్ట్రాన్ ఊడిపోని పరమాణువులుంటాయి. అవి 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతాయి. ఆ ఎరుపే మనకు ఆధారం.

ఈ అంచు గోడకు తగిలితే గోడా పాడవుతుంది, ప్లాస్మా కూడా చల్లారిపోతుంది. అందుకే అదెక్కడుందో క్షణక్షణం తెలియాలి. మామూలుగా చుట్టూ అమర్చిన తీగచుట్టలతో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి లెక్కగడతారు. అయితే తీగచుట్ట చెప్పేది క్షేత్రంలో వచ్చే మార్పునే. ఆ మార్పులను కూడుకుంటూ పోవాలి, దాంతోపాటే చిన్న చిన్న తప్పులూ పోగవుతాయి. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ యంత్రం ప్లాస్మాను 1,337 సెకన్లు నిలిపింది. అంతసేపు నడిచేచోట ఇది చిన్న సమస్య కాదు. కెమెరాకు ఆ బెడద లేదు. ఏ ఫ్రేముకా ఫ్రేము కొత్తది.

చిత్రంలో ఒక వరుస పిక్సెళ్ల వెలుగు 12, 14, 13, 60, 170 అనుకుందాం. 60కీ 170కీ మధ్య పెద్ద దూకుడుంది. కంప్యూటర్‌కు అంచంటే అదే. కానీ న్యూట్రాన్ వచ్చి సెన్సర్‌ను తాకినా తెల్లచుక్క పడి అలాంటి దూకుడే కనిపిస్తుంది. 1986లో జాన్ క్యానీ (Canny) ప్రచురించిన పద్ధతి ముందు చిత్రాన్ని కొంచెం మెత్తబరుస్తుంది, తర్వాత నిటారుగా పెరిగిన చోట్లను సన్నని గీతగా మారుస్తుంది. గట్టి అంచులను నేరుగా ఉంచుతుంది. మసక అంచు గట్టిదానితో కలిసి ఉంటేనే ఉంచుతుంది, ఒంటరిదైతే చెరిపేస్తుంది. నాకు బాగా నచ్చేది ఈ చివరి మెట్టే.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. సబ్బు బుడగ అంచు నడిమికన్నా ముదురుగా కనిపిస్తుంది కదా, చూపు అక్కడ పొర వెంబడే ఎక్కువ దూరం సాగుతుంది గనక. ప్లాస్మాలోనూ అంతే. గీత దొరికితే సరిపోదు, కెమెరా ఉన్న చోటును బట్టి దాన్ని అసలు స్థానానికి మార్చాలి. లోహపు గోడల మీది ప్రతిబింబాలను ఏరిపారేయాలి. వెలిగే పొర, అయస్కాంత క్షేత్రపు చివరి మూసిన తలం (క్షేత్రం ప్లాస్మాను పట్టి ఉంచే అసలు హద్దు) ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. ఇన్ని ఉన్నా, స్విట్జర్లాండ్‌లోని టీసీవీ అనే టోకమాక్‌లో ప్లాస్మా మండుతుండగానే కెమెరాలు అంచును పట్టుకున్నాయి, దాని ఆధారంగానే ప్లాస్మా స్థానాన్ని సరిచేశారు.