పేరు చెప్పని పండగ కానుక

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

క్రిస్మస్‌కి చర్చి పిల్లలు చీట్లు తీసి, ఎవరిచ్చారో తెలియకుండా కానుకలిచ్చుకుంటారు కదా, సంక్రాంతికి మనమూ అలా చెయ్యొచ్చా అని అడిగారు. తప్పకుండా చెయ్యండి. మన హరిదాసు అక్షయపాత్ర నెత్తిమీదే ఉంటుంది. ఆయన వంగినప్పుడు మీరు గుప్పెడు పోశారో సోలెడు పోశారో ఆయన కంటికి కనబడదు. క్రిస్మస్ తాత కథకు మూలమైన నికొలస్ 4వ శతాబ్దపు బిషప్పు, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా ఊరాయన. కట్నానికి డబ్బు లేని ముగ్గురు ఆడపిల్లల ఇంట్లోకి రాత్రిపూట బంగారం మూటలు విసిరాడని చెప్పుకుంటారు. పగలు వెళ్ళి చేతికిస్తే ఆ తండ్రి జీవితాంతం ఆయన ఎదురుపడినప్పుడల్లా తల దించుకోవాలి. పేరు దాచడం ఆ బరువు పడకుండా ఉండటానికే.

అందుకే అన్నిటికన్నా ముందు డబ్బా సంగతి. స్టీలు డబ్బాలో పెట్టకండి. మన ఇళ్ళల్లో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు, అడుగు తిప్పి చూస్తే మీరెవరో తెలిసిపోతుంది. పేరు లేకపోయినా గిన్నె తిరిగివ్వాలి, ఖాళీగా ఇవ్వకూడదు. అంటే మీరిచ్చింది అప్పయి కూర్చుంటుంది. తాటాకు బుట్టలో పెట్టి అరటినారతో కట్టండి. బుట్ట వాళ్ళే ఉంచుకుంటారు.

ఇక భయం సంగతి. ఎవరిదో తెలియని మూట గుమ్మంలో కనబడితే మన ఊళ్ళల్లో చేతబడేమో, దిష్టి తీసి పడేశారేమో అనుకుంటారు. ఎర్రగుడ్డ, నల్లదారం, నిమ్మకాయ, పసుపు కుంకుమ దగ్గరికి రానివ్వకండి. అమావాస్యనాడు పెట్టకండి. బుట్టలో చీటీ తప్పక ఉండాలి: "ఇది మీ ఇంటికే. అరిసెలు బుధవారం వండినవి. సంక్రాంతి శుభాకాంక్షలు." మీ చేతిరాత పక్కింటివాళ్ళకి తెలిసే ఉంటుంది కాబట్టి ఎడమచేత్తో రాయండి. బడి పేరున్న నోటుబుక్కు కాగితం వాడకండి.

అరిసెలు నూనె బాగా వత్తేసి, కాగితం మీద పరిచి, పూర్తిగా చల్లారాకే సర్దాలి. వేడిమీద మూస్తే ఆవిరి పట్టి బూజొస్తుంది. పూతరేకులు మాత్రం వద్దు, మంచుకి చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుపోతాయి. పెద్దవాళ్ళకి షుగరుంటే జంతికలు పెట్టండి. వండినవి తినడానికి సందేహిస్తారనుకుంటే రెండు కిలోల కొత్తబియ్యం, ఒక దుప్పటి చాలు. చదువుకునే పిల్లలున్న ఇంటికి నోటుపుస్తకాలు.

ఏ ఇల్లు? పేద ఇల్లే అక్కర్లేదు. అమ్మ కువైట్‌లో పనిచేస్తుంటే నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లలు, కొడుకులు హైదరాబాదులో ఉండి పండక్కి రాలేకపోయిన ముసలి దంపతులు, వీళ్ళని మర్చిపోకండి.

ఎప్పుడు పెట్టాలన్నదే కష్టం. తెల్లవారుజామున అస్సలు వద్దు. నాలుగింటికే ఆడవాళ్ళు కళ్ళాపి చల్లి ముగ్గులేస్తారు, తడి నేల మీద మీ పాదాల అచ్చులు పడతాయి. భోగి ముందురాత్రి మంటకి దుంగలు పోగుచేసే కుర్రాళ్ళు ఊరంతా తిరుగుతుంటారు. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికో మరోచోటికో వెళ్ళి ఇళ్ళు ఖాళీగా ఉంటాయి కానీ కుక్కలు, కాకులు ఖాళీగా ఉండవు. సాయంత్రం ఏడు దాటాక, టీవీ ముందు అందరూ కూర్చున్నప్పుడు మేలు. బుట్ట నేలమీద పెడితే చీమలు పడతాయి, అరుగు పక్క మేకుకో గేటు లోపలి కొక్కేనికో తగిలించండి. ఒక్కరే వెళ్ళండి. ఇద్దరైతే నవ్వు ఆగదు.

పెట్టేశాక ఫొటో వద్దు, వాట్సాప్‌లో పెట్టొద్దు, "మీకేమైనా వచ్చిందా అత్తా?" అని ఆరా తీయొద్దు. వాళ్ళే అడిగితే అబద్ధమాడకుండా "ఎవరైతేనేంలెండి" అని ఊరుకోండి. నాకు దీంట్లో బాగా నచ్చేది ఇదే: ఇచ్చిందెవరో తెలియనప్పుడు ఆ ఇంటివాళ్ళు వీధిలో ప్రతి ఒక్కరినీ అనుమానిస్తారు, అందరితోనూ కాస్త మెత్తగా మాట్లాడతారు.

వచ్చే ఏడు ఇల్లు మార్చండి. రెండోసారి అదే గుమ్మానికి వెళ్తే కాపు కాసి పట్టుకుంటారు. ముసలివాళ్ళ ఇల్లయితే మాత్రం మానకండి, వాళ్ళు ఎదురుచూస్తుంటారు.

మీ తాతయ్య